అక్కడ ఓటు, ఇక్కడ రేటు



2024 నవంబరు 6, బుధవారం. మనకు తెల్లవారుజాము అయిదున్నర. అమెరికా తూర్పు తీరంలో అప్పుడింకా ముందురోజు సాయంత్రం ఏడు గంటలు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో పోలింగు ముగిసి, ఓట్ల లెక్కింపు మొదలవుతున్న వేళ. ఇక్కడ మన గూడూరు పక్కన కోట, వాకాడు, చిల్లకూరు మండలాల్లో రొయ్యల గుంటల గట్ల మీద జనం అప్పటికే లేచి ఉంటారు. అమెరికా కోసం లేవలేదు వాళ్లు. తెల్లవారేముందే గుంట నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. అందుకని ఆ వేళకు గట్టు మీద మనిషి ఉండి తీరాలి. అందులోనూ నవంబరు, మన తీరానికి వానల కాలం. వాన నీళ్లు పడితే గుంటలో ఉప్పదనం తగ్గుతుంది. అదో గుబులు. ఇన్ని గుబుళ్ల మధ్య, ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో సెల్‌ఫోను. ఫోనులో ఎరుపు, నీలం రంగుల అమెరికా పటం.

ఎందుకండీ? ఎక్కడి అమెరికా, ఎక్కడి వాకాడు? మనకు అక్కడ ఓటు లేదు. ఓటు లేని చోట అధ్యక్షుడిగా ఎవరు గెలిస్తే మనకేమిటి? ఈ ప్రశ్ననే ఈవేళ కాసేపు మీతో మాట్లాడుకుందామని వచ్చాను.

ముందు అందరికీ తెలిసిన సంగతి చెబుతాను. చుట్టరికం.

పశ్చిమ గోదావరి జిల్లాలో వడ్లూరు అని ఒక ఊరుంది. అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉష, చిలుకూరి వారి ఆడపడుచు. ఆమె పూర్వీకులది ఆ వడ్లూరే. 2024లో ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్న రోజుల్లో ఆ ఊళ్లో గుళ్లో పూజలు చేశారు. గెలిచాక సంబరాలు చేసుకున్నారు. అదే సమయంలో తమిళనాడులో, తిరువారూరు జిల్లాలో తులసేంద్రపురం అనే పల్లె కూడా పూజలు చేసింది. కాకపోతే ఎదుటి పక్షం కోసం. కమలా హారిస్ తాతగారిది ఆ ఊరు. గుడి ముందు ఆమె ఫ్లెక్సీ కట్టి, దేవుడికి అభిషేకం చేసి, ఊరంతా టీవీ ముందు కూర్చుంది. చూశారా, అమెరికా ఎన్నికలో రెండు పక్షాలకూ మన గుళ్లలో హారతులు వెలిగాయి.

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాదు. ఉషగారు పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. ఆ ఊరివాళ్లలో చాలామంది ఆమెను టీవీలో తప్ప చూసి ఉండరు. 2025 ఏప్రిల్‌లో ఆమె భర్తతో, పిల్లలతో మన దేశం వచ్చారు. ఢిల్లీ, జైపూరు, ఆగ్రా చూసి వెళ్లారు. వడ్లూరు రావడం కుదరలేదు. అయినా ఊరి అభిమానం ఊరిదే. మన పిల్ల అంత దూరం వెళ్లి, అంత ఎత్తున నిలబడింది కదా అనే ఆ సంతోషం నిజమైనది. దాన్నెవరూ తక్కువ చేయకూడదు.

అంతకు ముందు తెలంగాణలో, జనగామ జిల్లా కొన్నె గ్రామంలో, ఒక యువ రైతు ట్రంప్ విగ్రహం చేయించి రోజూ పూజించిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2020 అక్టోబరులో ట్రంప్‌కు కరోనా వచ్చిందని తెలిసి ఆ అబ్బాయి బాగా కుంగిపోయాడనీ, ఆ నెలలోనే గుండెపోటుతో చనిపోయాడనీ పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. తన సంగతే తెలియని మనిషి మీద అంత ప్రాణం పెట్టుకున్నాడు ఆ అబ్బాయి.

అయితే చుట్టరికం, అభిమానం చల్లారిపోయే సంగతులు. సంబరాలు ఒక వారం. తర్వాత వడ్లూరులో వరికోతలు వడ్లూరులోవే. చల్లారనిది ఇంకొకటుంది. అది బతుకుతెరువు. అసలు మాట అక్కడుంది.

గూడూరులో రోజూ ఏదో ఒక ఇంట్లో ఇలాంటి మాటలు నడుస్తూనే ఉంటాయి. అమ్మ ఫోనులో అడుగుతుంది. "ఏం నాయనా, ఎవురు గెలుస్తారంట?" కొడుకు టెక్సాస్ నుంచి చెబుతాడు. "ఎవరు గెలిచినా వీసాల జోలికి రాకుంటే చాలమ్మా." అంతే. వాళ్లకు మొత్తం ఎన్నిక ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక్కడొక విచిత్రం గమనించండి. ఆ కొడుకు అమెరికాలోనే ఉన్నాడు. పన్ను అక్కడే కడుతున్నాడు. పిల్లలు అక్కడి బడికే వెళుతున్నారు. అయినా హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఓటు లేదు. ఓటే కాదు, ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు చందా ఇవ్వడానికి కూడా అక్కడి చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు వస్తే చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం అప్పుడూ లేదు. పౌరసత్వం వచ్చాకే ఓటు. ఆ గ్రీన్ కార్డు కోసం మనవాళ్లు ఏళ్లకేళ్లు వరసలో ఉంటారు. ఒక దేశానికి ఇంతకు మించి ఇవ్వకూడదని 1990 నాటి చట్టం ఒక హద్దు పెట్టింది. ఏ దేశానికైనా ఏడు శాతమే. చిన్న దేశమైనా అంతే, మన దేశమైనా అంతే. అంటే గూడూరులో ఉన్న అమ్మ అమెరికాకు పరాయి మనిషి. కొడుకు అమెరికాలో ఉండి కూడా పరాయి మనిషే. ఇద్దరికీ ఓటు లేదు. ఫలితం మాత్రం ఇద్దరికీ ఉంది.

అమెరికాలో 2025 సెప్టెంబరు 19 సాయంత్రం, మనకు 20 తెల్లవారుజామున, ఒక వార్త వచ్చింది. హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం అని. అంటే మన డబ్బులో సుమారు 88 లక్షల రూపాయలు. సెలవు మీద ఇళ్లకు వచ్చిన పిల్లలు ఉన్నపళంగా విమానం టికెట్ల కోసం వెతుక్కున్నారు. పెళ్లిళ్లకని వచ్చినవాళ్లు తిరుగు ప్రయాణం ముందుకు జరుపుకున్నారు. మర్నాటికి వివరణ వచ్చింది. అది కొత్త దరఖాస్తులకేననీ, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదనీ. కానీ ఆ ఒక్క రోజు ఆ ఇళ్లలో ఎలా గడిచిందో ఆ తల్లిదండ్రులను అడగండి. అక్కడ ఎవరు గెలిచారన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర చాలా లోతైన జవాబు ఉంది.

ఇక రొయ్యల సంగతికి వద్దాం. కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన తీరానికి ఇది చాలా దగ్గరి సంగతి.

గూడూరు అంటే నిమ్మకాయలు. మన నిమ్మకాయ లారీలెక్కి ఢిల్లీ వెళుతుంది. ఢిల్లీలో ఎండలు మండితే ఇక్కడ రేటు లేస్తుంది. ఎండ తగ్గితే రేటు పడుతుంది. రైతుకు అది అర్థమవుతుంది. ఎండను ఎవరూ ఓట్లేసి ఎన్నుకోరు. రొయ్య అలా కాదు. మనం పెంచే వనామి రొయ్యను మన దేశంలో తినేది తక్కువ. ఎక్కువ భాగం ఓడెక్కుతుంది. ఆ ఓడలు చేరే దేశాల్లో మొదటిది అమెరికా. కాబట్టి నిమ్మకాయ ఢిల్లీ ఎండను చూస్తుంది, రొయ్య వాషింగ్టన్ మొహం చూస్తుంది.

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు శ్వేతసౌధం తోటలో నిలబడి, దేశాల పేర్లున్న ఒక అట్ట పట్టుకుని, ఎవరి మీద ఎంత సుంకమో చదివారు. మన పేరు ఎదురుగా 26 శాతం. అప్పటికింకా ఆ సుంకం అమల్లోకి రాలేదు. వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా కూడా వేశారు. కానీ మన గుంటల దగ్గర రేటు వాయిదా పడలేదు. వెంటనే పడిపోయింది.

మీకు తెలిసిందే, రొయ్యల బేరం కౌంట్ మీద ఉంటుంది. కిలోకి వంద తూగితే వంద కౌంట్. ముప్పై తూగితే ముప్పై కౌంట్, అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. ఆ వారంలో కిలోకు ముప్పై, నలభై రూపాయల దాకా కోత పడింది. పట్టుబడికి వల దించిన రైతు ఏం చేస్తాడు? గట్టు మీద ఏజెంటును అడుగుతాడు. "ఏందన్నా ఇది, నిన్న ఒక రేటు, ఇయ్యాల ఒక రేటు?" ఏజెంటు చెబుతాడు. "నన్నేం చేయమంటావన్నా, ప్లాంటోళ్లు వద్దంటున్నారు." రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంటువాళ్లను అడిగితే అమెరికాలో కొనేవాడి పేరు చెబుతారు. అక్కడ కొనేవాడు తన అధ్యక్షుడి పేరు చెబుతాడు. ఆ అధ్యక్షుడు తన ఓటరు పేరు చెబుతాడు. ఆ చివరి మాట మనసులో ఉంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

రేటు పడింది కదా అని రొయ్యను గుంటలో దాచుకోలేం. మేత ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్కో రోజు ఆగితే ఒక్కో రోజు ఖర్చు. ఇక ప్లాంట్లలో తల తీసే, పెంకు ఒలిచే ఆడవాళ్ల సంగతి. సరుకు తగ్గితే వాళ్లకు పనిరోజులు తగ్గుతాయి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఐసు నీళ్లలో నిలబడి పని చేసే ఆ తల్లులు అమెరికా పటం చూడరు. వాళ్లకంత తీరిక లేదు. వాళ్లకూ ఓటు లేదు, ఫలితం ఉంది.

ఆగస్టులో ఇంకా గట్టి దెబ్బ తగిలింది. 7వ తేదీ నుంచి 25 శాతం. 27వ తేదీ నుంచి దానికి తోడు మరో 25. మొత్తం 50. ఆ రెండో పాతికకు చెప్పిన కారణం ఏమిటో తెలుసా? మన దేశం రష్యా దగ్గర ముడిచమురు కొంటోందని. చమురుకూ మన గుంటకూ ఏమిటి సంబంధం? ఏ సంబంధమూ లేదు. అయినా కట్టాల్సింది గుంట. తర్వాత చర్చలు జరిగాయి, లెక్కలు మళ్లీ మారాయి. కానీ ఆ పంట అమ్ముకున్న రైతుకు ఆ నష్టం మళ్లీ పూడదు.

ఇదంతా ఈనాటి కొత్త సంగతి అనుకోకండి. గూడూరుకు అమెరికాతో సంబంధం మన తాతల కాలం నాటిది. సైదాపురం, గూడూరు చుట్టుపక్కల మైకా గనులు మీకు తెలుసు. అదే అభ్రకం, కాకి బంగారం. పొరలు పొరలుగా విడదీసి, కత్తితో అంచులు చెక్కి పెట్టెల్లో సర్ది పంపేవాళ్లు. ఆ రోజుల్లో రేడియోలో గాజు వాల్వులుండేవి. ఆ వాల్వు లోపల చిన్న తీగల్ని ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచేది మైకా రేకే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానానికి రేడియో కావాలి, ఓడకు రేడియో కావాలి, రాడార్ కావాలి. దానికి మైకా కావాలి. అందుకని బ్రిటను, అమెరికా కలిసి మన దేశపు మైకా కొనడానికి ఉమ్మడిగా ఒక ఏర్పాటు చేసుకున్నాయి. అమెరికా యుద్ధానికి దిగుతుందా, ఎంత సాయం చేస్తుంది అనేది 1940లో అధ్యక్షుడిగా రూజ్‌వెల్ట్ మూడోసారి గెలవడంతో ముడిపడి ఉంది. మన గనిలో దిగిన కూలీకి ఆ పేరు తెలిసినా తెలియకపోయినా, అతని కూలికి ఆ ఎన్నికతో ముడి ఉంది. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది. వాల్వులు పోయాయి. గనుల్లో పని తగ్గిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. ఇది షార్ సంగతి, అంటే శ్రీహరికోట రాకెట్టు కేంద్రం. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మనం మిద్దెలెక్కి చూస్తాం. ఆ రాకెట్టుకూ అమెరికా ఎన్నికలకూ పాత లంకె ఉంది. 1991లో మన ఇస్రో అప్పటి సోవియట్ రష్యా సంస్థతో క్రయోజెనిక్ ఇంజను కోసం ఒప్పందం చేసుకుంది. ఇంజనుతో పాటు దాన్ని తయారు చేసే విద్య కూడా ఇస్తామన్నారు. 1992 మేలో, అది అమెరికాలో ఎన్నికల సంవత్సరం, పెద్ద బుష్ ప్రభుత్వం ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. ఆ నవంబరులో బుష్ ఓడిపోయారు. క్లింటన్ గెలిచారు. మరి ఆంక్షల కథ మారిందా? మారలేదు. క్లింటన్ హయాంలోనే, 1993లో, రష్యా మీద ఒత్తిడి ఫలించింది. ఇంజన్లు ఇస్తాం, విద్య ఇవ్వం అని రష్యా వెనక్కి తగ్గింది. ఆ విద్య మనవాళ్లు సొంతంగా నేర్చుకుని, మన ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి.ని విజయవంతంగా ఎగరేసింది 2014 జనవరి 5న. ఇరవై ఏళ్లు పట్టింది. 1992లో, ఆ విద్య మనకు ఇస్తే రష్యాకు సాయం ఆపాలని సెనేటులో పట్టుబట్టినవారిలో జో బైడెన్ ఉన్నారు. తర్వాత 2020లో అధ్యక్షుడిగా గెలిచారాయన. అదే శ్రీహరికోట నుంచి 2025 జులై 30న నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం మన జి.ఎస్.ఎల్.వి. మీదే పైకి వెళ్లింది.

దీన్నిబట్టి నాకు తోచిందేమంటే, అధ్యక్షుడు మారితే అన్నీ మారతాయనుకోవడం పొరపాటు. కొన్ని మారతాయి. కొన్ని ఎవరొచ్చినా మారవు. మన చూపంతా అభ్యర్థి మీదే ఉంటుంది. ఈయన మనకు మంచివాడా, ఆయన మనకు మంచివాడా అని. నేను చెప్పేది, అభ్యర్థిని కాస్త పక్కన పెట్టి ఓటరును చూడండి అని. ఇందాక మనసులో ఉంచుకోమన్నానే, ఆ ఓటరును.

రొయ్యల విషయంలో ఆ ఓటరు ఎవరు? అమెరికా దక్షిణాన లూసియానా, టెక్సాస్ రాష్ట్రాల తీరం ఉంది. అక్కడ పడవల మీద సముద్రంలోకి వెళ్లి రొయ్యలు పట్టే కుటుంబాలున్నాయి. తాతల నాటి వృత్తి. వాళ్లది గుంట కాదు, వేట. డీజిలు ఖర్చు పెరుగుతుంది, వలకు పడేది మాత్రం పెరగదు. మన గుంటల రొయ్య, ఇతర దేశాల గుంటల రొయ్య చవగ్గా దిగేసరికి వాళ్ల రొయ్యకు రేటు పడిపోయింది. 2003 డిసెంబరు చివర్లో వాళ్లంతా సంఘం కట్టి ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. 2005లో మన రొయ్యల మీద అదనపు సుంకం పడింది. అప్పుడు చిన్న బుష్ ఉన్నారు. తర్వాత ఒబామా వచ్చారు, సుంకం పోలేదు. ట్రంప్ వచ్చారు, పోలేదు. బైడెన్ వచ్చారు, పోలేదు. పైగా 2024 చివర్లో, బైడెన్ ఉండగానే, ఇంకో రకం సుంకం తోడైంది. ఇంతమంది అధ్యక్షులు మారినా మారనిది ఆ పడవ మీది మనిషి కష్టం.

మన వాకాడు రైతుకు ఆ పడవ మనిషి శత్రువని నేననుకోను. ఇద్దరూ తెల్లవారక ముందే లేస్తారు. ఇద్దరి బతుకూ రొయ్యే. ఇద్దరూ అప్పు చేసే వల వేస్తారు. తేడా ఒక్కటే. ఆయనకు ఓటుంది. తన కష్టం చెప్పుకోవడానికి ఒక సెనేటరు ఉన్నాడు. మనవాడికి ఆ దేశంలో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మన ముఖ్యమంత్రి ఢిల్లీకి ఉత్తరం రాయాలి. ఢిల్లీ వాషింగ్టన్‌తో మాట్లాడాలి. 2025 ఏప్రిల్‌లో అలా ఉత్తరం వెళ్లింది కూడా.

అమెరికా ఒక్కటే చాలదు, ఇంకో దేశం పేరు కూడా మన రైతులు గుర్తుంచుకోవాలి. ఈక్వెడార్. దక్షిణ అమెరికాలో చిన్న దేశం. రొయ్యల ఎగుమతిలో మనకు గట్టి పోటీ. మన మీద 50 శాతం పడిన రోజుల్లో వాళ్ల మీద పడింది 15. ఆ దేశంలో 2025 ఏప్రిల్ 13న అధ్యక్ష ఎన్నిక జరిగింది. డేనియల్ నొబోవా మళ్లీ గెలిచారు. మన టీవీల్లో ఆ వార్త ఎంతసేపు వచ్చింది? అధ్యక్షుడి భార్య తెలుగింటి పిల్ల కాదు కాబట్టి వచ్చి ఉండదు. రొయ్య రేటుకు మాత్రం ఆ ఎన్నిక కూడా కావాలి.

కొందరు పెద్దలు కోప్పడతారు. మన పంచాయతీలో మంచినీళ్ల సంగతి పట్టదు గానీ, అమెరికా ఎన్నికలు కావాలా అని. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఒకటి పట్టించుకుంటే రెండోది వదిలేయాలని ఎక్కడుంది? పంచాయతీలో మనకు ఓటుంది, అక్కడ లేదు. ఓటున్న చోట ఓటేద్దాం. లేని చోట కనీసం తెలుసుకుందాం. ముందే తెలిస్తే గుంటలో ఎంత సీడు పోయాలో, ఎప్పుడు పట్టుబడి చేయాలో, ఒకే దేశాన్ని నమ్ముకోవాలా వద్దా అన్నది ఆలోచించుకోవచ్చు. మన రొయ్యను మన హైదరాబాదు, చెన్నై, బెంగళూరు ఎందుకు తినకూడదని అడగొచ్చు. పిల్లవాడు వీసా కోసం అప్పు చేసే ముందు ఒకసారి ఆగి లెక్క చూసుకోవచ్చు.

మళ్లీ అమెరికా అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7న. మనకు ఫలితాలు 8వ తేదీ తెల్లవారుజామున మొదలవుతాయి. గట్టు మీద నిలబడి ఫోను తీస్తారు కదా, ఆ పటంలో దక్షిణాన సముద్రం ఒడ్డున, అడుగు భాగం చీలికలైన బూటులా కనబడే రాష్ట్రం లూసియానా. టీవీ వాళ్లు దాని గురించి ఎక్కువ మాట్లాడరు, అక్కడ ఎవరు గెలిచేదీ చాలాసార్లు ముందే తెలిసిపోతుంది కాబట్టి. మీరు మాత్రం అక్కడి రొయ్యల పడవలవాళ్లు ఆ ఏడాది ఏం అడుగుతున్నారో కాస్త ముందు నుంచే కనుక్కుంటూ ఉండండి. ఇంగ్లీషు పత్రిక చదివే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారిప్పుడు. వాళ్లను చదివి చెప్పమనండి.